రెండు నిమిషాల విమానం

స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకు దూరం సుమారు 2.7 కిలోమీటర్లే. మన శంషాబాద్ విమానాశ్రయపు ప్రధాన రన్‌వే పొడవే 4,260 మీటర్లు! అయినా ఈ రెండు దీవుల మధ్య 1967 నుంచి లోగన్‌ఎయిర్ సంస్థ విమానాలు నడుపుతోంది. ప్రపంచంలో అతి తక్కువ దూరం తిరిగే షెడ్యూల్డ్ సర్వీసు ఇదే.

టైంటేబుల్లో దీనికి కేటాయించింది రెండు నిమిషాలు. గాలి అనుకూలిస్తే నిమిషన్నర చాలు. రికార్డు 53 సెకన్లు, స్టువర్ట్ లింక్‌లేటర్ అనే పైలట్ పేరిట ఉంది.

ఇంత చిన్న ప్రయాణానికి విమానమెందుకు? కిర్క్‌వాల్ పట్టణం నుంచి బయల్దేరిన విమానం రెండు దీవుల్లోనూ ఆగుతూ వెళ్తుంది. ఈ మజిలీ ఆ దారిలో ఒక ముక్క. వాడేది బ్రిటెన్-నార్మన్ ఐలాండర్, రెండు ఇంజన్ల చిన్న విమానం. పొట్టి రన్‌వే సరిపోతుంది. ఎనిమిది మంది ఎక్కితే నిండిపోతుంది, ఒకరు పైలట్ పక్కనే కూర్చోవచ్చు.

రికార్డు కోసం, పాపా వెస్ట్రేలోని అయిదు వేల ఏళ్లు దాటిన నాప్ ఆఫ్ హవర్ రాతి ఇళ్ల కోసం పర్యాటకులు వస్తారు. కానీ ఈ సర్వీసు అసలు విలువ తెలిసింది దీవులవాళ్లకే. ఉపాధ్యాయులు, వైద్యులు, రోగులు దీన్నే నమ్ముకున్నారు.