జుట్టు రాలడం - ఆహారం, పోషక మాత్రల పాత్ర

జుట్టు రాలడం అనగా తలపై వెంట్రుకలు సహజమైన సంఖ్యకు మించి ఊడిపోవడం. దీనినే కేశపతనం అని కూడా అంటారు. ఆరోగ్యవంతుల తలపై దాదాపు లక్ష వెంట్రుకలు ఉంటాయి. వాటిలో రోజుకు 50 నుండి 100 వరకు రాలిపోవడం సహజమే. అంతకు మించి రాలుతున్నప్పుడు చాలామంది మొదట ఆశ్రయించేది ఆహార మార్పులను, విటమిన్ మాత్రలను. ఏదైనా పోషకం లోపించినందువలన జుట్టు రాలుతున్నప్పుడు ఆ లోపాన్ని సవరిస్తే మంచి ఫలితం కనబడుతుంది. లోపం లేనివారికి అదే పోషకాన్ని అదనంగా ఇస్తే జుట్టు పెరుగుతుందనడానికి తగిన ఆధారాలు లేవు. కొన్ని పోషకాలు మితిమీరితే వాటివలననే జుట్టు రాలుతుంది.

వెంట్రుక జీవితచక్రం

వెంట్రుక కెరాటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. చర్మం పైకి కనిపించే భాగంలో జీవం ఉండదు. చర్మం లోపల ఉన్న కుదురు మాత్రమే సజీవమైనది. శరీరంలో అతివేగంగా విభజన చెందే కణాలలో కుదురులోని కణాలు కూడా ఉన్నాయి. అందువలన పోషకాల కొరత ఏర్పడినప్పుడు వాటిపై ప్రభావం త్వరగా పడుతుంది. గుండె, మెదడు వంటి అవయవాల వలె జుట్టు ప్రాణావసరం కాదు గనుక కొరత కాలంలో శరీరం దానికి ప్రాధాన్యం ఇవ్వదు.

ప్రతి వెంట్రుక మూడు దశలను దాటుతుంది.

* పెరుగుదల దశ: 2 నుండి 6 సంవత్సరాలు. తలపైనున్న వెంట్రుకలలో అధిక భాగం ఏ సమయంలోనైనా ఈ దశలోనే ఉంటాయి. నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతాయి.
* సంధి దశ: 2 నుండి 3 వారాలు. కుదురు కుంచించుకొనిపోతుంది.
* విశ్రాంతి దశ: సుమారు 3 నెలలు. దీని చివర పాత వెంట్రుక రాలి, అదే కుదురు నుండి కొత్తది మొలుస్తుంది.

ఈ చక్రం తెలిస్తే రెండు విషయాలు సులభంగా అర్థమవుతాయి. మొదటిది, ఈరోజు రాలే వెంట్రుకకు కారణం రెండు మూడు నెలల క్రిందటే ఏర్పడి ఉండవచ్చు. రెండవది, చికిత్స సరైనదే అయినా ఫలితం కనిపించడానికి కనీసం 3 నుండి 6 నెలలు పడుతుంది. వారం పది రోజులలో ఒత్తైన జుట్టు వస్తుందని చెప్పే ప్రకటనలు ఈ కారణంగానే నమ్మదగినవి కావు.

కారణాలు

జుట్టు రాలడం ఒకే వ్యాధి కాదు. దానికి గల ముఖ్య కారణాలు ఇవి:

* వంశపారంపర్యమైన బట్టతల: పురుషులలో నుదుటి పైభాగం, నడినెత్తి పలచబడతాయి. స్త్రీలలో పాపిట వెడల్పు అవుతుంది. వారసత్వం, డైహైడ్రోటెస్టోస్టిరాన్ అనే హార్మోను ప్రభావం దీనికి కారణాలు.
* విశ్రాంతి దశలో మూకుమ్మడిగా రాలడం: టైఫాయిడ్, డెంగీ, కోవిడ్ వంటి తీవ్ర జ్వరాలు, కాన్పు, పెద్ద శస్త్రచికిత్స, కఠిన ఉపవాసాలు, వేగంగా బరువు తగ్గడం మొదలైన వాటి తరువాత 2-3 నెలలకు మొదలవుతుంది. 1961లో అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్మన్ దీనిని వివరించి టెలోజెన్ ఎఫ్లూవియం అని పేరు పెట్టాడు. కారణం తొలగితే సాధారణంగా దానంతటదే తగ్గుతుంది.
* పేనుకొరుకుడు: శరీర రక్షణ వ్యవస్థ తన కుదుళ్లపైనే దాడి చేయడం వలన నాణెం ఆకారంలో జుట్టు ఊడుతుంది. పేను కొరకడానికీ దీనికీ సంబంధం లేదు.
* థైరాయిడ్ లోపాలు, కొన్ని మందులు, తలపై శిలీంధ్ర వ్యాధులు, బిగుతైన జడల వలన కుదుళ్లు లాగబడడం.
* పోషకాల లోపం.

ఆహారంతో, మాత్రలతో నేరుగా సవరించగలిగినది చివరి కారణాన్ని మాత్రమే. జ్వరం, కాన్పు తరువాత రాలే జుట్టు విషయంలో మంచి ఆహారం కోలుకోవడానికి తోడ్పడుతుంది.

పోషకాలు, వాటి పాత్ర

మాంసకృత్తులు

మాంసకృత్తులు తీవ్రంగా లోపించినప్పుడు జుట్టు పలచబడి, రంగు వెలిసి, తేలికగా ఊడివస్తుంది. క్వాషియోర్కర్ వ్యాధి సోకిన పిల్లలలో పోషణ దొరికిన కాలంలో పెరిగిన భాగం నల్లగా, దొరకని కాలంలో పెరిగిన భాగం వెలిసినట్లుగా చారలు కనిపిస్తాయి. దీనిని వైద్యులు జెండా గుర్తు అంటారు. బిడ్డ తిన్న తిండి చరిత్ర ఆ వెంట్రుకపై రాసినట్లుగా ఉంటుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం పెద్దవారికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరం. అనగా 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాములు. అన్నం ఎక్కువగా, పప్పు పలుచగా తినే ఇళ్లలో ఈ మోతాదు అందకపోవచ్చు. అలాంటి వారికి కావలసింది ఖరీదైన ప్రోటీన్ పొడి కాదు, పప్పు, పెరుగు, గుడ్లు వంటివి మరికొంత.

ఇనుము

మన దేశంలో, ముఖ్యంగా స్త్రీలలో, అన్నిటికంటె ముందుగా అనుమానించవలసిన లోపం ఇది. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భారతదేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. దీనికి ఇనుము లోపం ఒక ప్రధాన కారణం. అధిక ఋతుస్రావం, వెంటవెంటనే కాన్పులు, నులిపురుగులు, ఆహారంలో ఇనుము తక్కువగా ఉండడం దీనికి దారితీస్తాయి.

శరీరంలోని ఇనుము నిల్వలను ఫెర్రిటిన్ అనే రక్తపరీక్ష తెలుపుతుంది. హిమోగ్లోబిన్ మామూలుగా ఉండి, నిల్వలు మాత్రం తరిగిపోయి ఉండడం కూడా సాధ్యమే. రక్తహీనత లేకుండా నిల్వలు మాత్రమే తక్కువైనప్పుడు జుట్టు ఎంతవరకు రాలుతుందనే విషయంలో నిపుణులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. లోపం నిర్ధారణ అయితే మాత్రం దానిని సరిచేయడం జుట్టు కొరకే కాక, ఆయాసం, నీరసం తగ్గడానికీ, గర్భిణి ఆరోగ్యానికీ అవసరం. ఎడతెగక జుట్టు రాలుతున్నదని వచ్చిన స్త్రీలో అప్పటివరకు ఎవరూ గుర్తించని రక్తహీనత బయటపడడం అరుదేమీ కాదు.

జింకు

జింకు లోపిస్తే జుట్టు రాలడంతో పాటు నోటి చుట్టూ, చేతులపై చర్మం పొరలుగా లేవడం, గాయాలు త్వరగా మానకపోవడం కనిపిస్తాయి. పెద్దవారు రోజుకు 40 మి.గ్రా. మించి దీర్ఘకాలం తీసుకుంటే శరీరంలో రాగి తగ్గి, రక్తహీనత, నరాల బలహీనత కలుగవచ్చు.

బయోటిన్

జుట్టు మాత్రలన్నిటిలో ప్రసిద్ధమైనది బయోటిన్. ఇది బి-విటమిన్లలో ఒకటి. గుడ్లు, వేరుశనగ, పప్పుధాన్యాలు మొదలైన సాధారణ ఆహార పదార్థాలలో లభిస్తుంది కనుక దీని లోపం చాలా అరుదు. పచ్చి తెల్లసొనలోని అవిడిన్ బయోటిన్‌ను పట్టి ఉంచుతుంది కాబట్టి, పచ్చి గుడ్లను నెలల తరబడి తినేవారిలో లోపం రావచ్చు. గుడ్డును ఉడికిస్తే ఈ సమస్య ఉండదు.

పెద్దవారికి రోజుకు సుమారు 30 మైక్రోగ్రాములు చాలు. బజారులో దొరికే కొన్ని మాత్రలలో 10,000 మైక్రోగ్రాములు, అనగా అవసరానికి 300 రెట్లకు పైగా ఉంటుంది. లోపం లేనివారికి ఇది జుట్టు పెంచుతుందని నిరూపణ కాలేదు.

పైగా దీనితో ఒక చిక్కు ఉన్నది. అనేక రక్తపరీక్షల తయారీలో బయోటిన్‌ను ఉపయోగిస్తారు. రక్తంలో అది అధికంగా ఉంటే ఫలితాలు తప్పుగా వస్తాయి. థైరాయిడ్ పరీక్షలు, గుండెపోటును నిర్ధారించే ట్రోపోనిన్ పరీక్ష కూడా వీటిలో ఉన్నాయి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లో ఈ విషయమై హెచ్చరిక జారీచేసింది. ట్రోపోనిన్ ఫలితం తప్పుగా తక్కువ చూపిన ఒక రోగి మరణించినట్లు అందులో పేర్కొన్నది. జుట్టు రాలడానికి థైరాయిడ్ లోపమే కారణమైతే, జుట్టు కోసం వేసుకున్న మాత్ర ఆ లోపాన్నే కప్పిపుచ్చవచ్చునన్నమాట. అందువలన రక్తపరీక్షకు ముందు బయోటిన్ వాడుతున్న సంగతి వైద్యునికి తప్పక తెలపాలి.

విటమిన్ డి

పేనుకొరుకుడు ఉన్నవారిలో విటమిన్ డి తక్కువగా ఉండడాన్ని పలువురు పరిశోధకులు గమనించారు. అయితే అది కారణమా, వ్యాధితో పాటు కనిపించే మరో లక్షణమా అన్నది తేలలేదు. లోపం ఉన్నవారు వైద్యుని సలహాపై తీసుకోవడం ఎముకలకు మేలు.

మితిమీరితే కలిగే అనర్థాలు

విటమిన్ ఎ అధికమైతే జుట్టు రాలుతుంది. ఇది కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి శరీరంలో పేరుకుపోతుంది. వేర్వేరు పేర్లతో దొరికే రెండు మూడు మాత్రలను ఒకేసారి వాడేవారికి తెలియకుండానే మోతాదు పెరగవచ్చు. క్యారెట్, ఆకుకూరలలోని బీటా కెరోటిన్‌తో ఈ ప్రమాదం లేదు.

సెలీనియం కూడా ఇటువంటిదే. పెద్దవారికి రోజుకు 400 మైక్రోగ్రాములను గరిష్ఠ పరిమితిగా పరిగణిస్తారు. 2008లో అమెరికాలో ఒక ద్రవరూప పోషక మందులో తయారీ పొరపాటు వలన, లేబుల్‌పై రాసినదానికి 200 రెట్లు సెలీనియం చేరింది. దానిని సేవించిన సుమారు 200 మంది అస్వస్థులు కాగా, వారిలో అత్యధికులకు జుట్టు ఊడిపోయింది, గోళ్లు పాడయ్యాయి.

మన దేశంలో 2024 డిసెంబరు, 2025 జనవరి నెలలలో మహారాష్ట్రలోని బుల్ఢానా జిల్లా షేగావ్ తాలూకా గ్రామాలలో పిల్లలు, పెద్దలు అనేకమందికి కొద్ది రోజులలోనే జుట్టు ఊడి తలలు బోడి అయ్యాయి. భారత వైద్య పరిశోధన మండలి బృందాలు అక్కడకు వెళ్లి నమూనాలు సేకరించాయి. డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ తాను చేయించిన పరీక్షలలో బాధితుల రక్తంలో, మూత్రంలో, వెంట్రుకలలో సెలీనియం అధికంగాను, జింకు తక్కువగాను ఉన్నట్లు తెలిపారు. రేషన్ దుకాణాల గోధుమలే దీనికి మూలమని ఆయన అభిప్రాయపడ్డారు. జుట్టు బలానికి అమ్మే అనేక మిశ్రమ మాత్రలలో సెలీనియం కూడా ఒక భాగమని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

బట్టతల విషయంలో ఆహారం

వంశపారంపర్య బట్టతలను ఆహారం ఆపలేదు. దీనికి నిరూపితమైన మందులు మినాక్సిడిల్, ఫినాస్టెరైడ్. అమెరికాలో పురుషుల బట్టతలకు పైపూతగా మినాక్సిడిల్‌ను 1988లో, మాత్రగా ఫినాస్టెరైడ్‌ను 1997లో అనుమతించారు. గర్భిణులు ఫినాస్టెరైడ్ వాడరాదు. ఏ మందైనా వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి.

గుమ్మడి గింజల నూనెపై దక్షిణ కొరియాలో 76 మంది పురుషులతో జరిపిన ఒక అధ్యయనం 2014లో ప్రచురితమైంది. 24 వారాల తరువాత నూనె తీసుకున్నవారిలో వెంట్రుకల సంఖ్య సగటున 40 శాతం, తీసుకోనివారిలో 10 శాతం పెరిగినట్లు అందులో తేలింది. అయితే వాడిన మాత్రలో ఇతర పదార్థాలు కూడా కలిసి ఉన్నాయి. ఈ ఒక్క చిన్న అధ్యయనాన్ని బట్టి నిర్ణయానికి రావడం తగదు. బట్టతల తొలిదశలోనే చికిత్స ఎక్కువ ఫలిస్తుంది కాబట్టి, మాత్రలతో కాలం గడిపితే డబ్బుతో పాటు చికిత్సకు అనువైన సమయం కూడా నష్టమవుతుంది.

తీసుకోదగిన ఆహారం

* మాంసకృత్తులకు: కందిపప్పు, పెసలు, శనగలు, ఉలవలు, అలసందలు, సోయా, వేరుశనగ, పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటాయి.
* ఇనుముకు: సజ్జలు, ఉలవలు, నువ్వులు, తోటకూర, మునగాకు, మాంసం, కాలేయం. మాంసాహారంలోని ఇనుము శరీరానికి సులభంగా వంటబడుతుంది. గర్భిణులు విటమిన్ ఎ దృష్ట్యా కాలేయం మితిమీరి తినరాదు.
* విటమిన్ సికి: జామ, ఉసిరి, నిమ్మ. 100 గ్రాముల జామపండులో 200 మి.గ్రా.కు పైగా ఉంటుంది. శాకాహారంలోని ఇనుము వంటబట్టడానికి ఇది తోడ్పడుతుంది. పప్పులోను, ఆకుకూరలోను నిమ్మరసం పిండుకొనడం మంచి అలవాటు.
* జింకుకు: మాంసం, గుడ్లు, పప్పుధాన్యాలు, నువ్వులు, గుమ్మడి గింజలు. గింజలను నానబెట్టి మొలకెత్తిస్తే జింకు, ఇనుము మరింత బాగా అందుతాయి.

భోజనంతో పాటు, లేదా భోజనమైన వెంటనే, కాఫీ టీలు తాగితే ఇనుము సరిగా వంటబట్టదు. కనీసం ఒక గంట వ్యవధి ఇవ్వాలి.

మాత్రలు వాడేవారికి సూచనలు

* మొదట కారణం తెలుసుకోవాలి. హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, థైరాయిడ్ పరీక్షలు వైద్యుడు సాధారణంగా చేయిస్తాడు.
* లోపం ఉన్న పోషకాన్ని మాత్రమే, చెప్పిన మోతాదులో, చెప్పినంత కాలం తీసుకోవాలి.
* తలసీమియా వ్యాధిగ్రస్తులు, తరచు రక్తమార్పిడి అవసరమైనవారు సొంతంగా ఇనుము మాత్రలు వాడరాదు. చిన్నపిల్లలు పొరపాటున మింగితే ప్రాణాపాయం కాబట్టి వారికి అందకుండా ఉంచాలి.
* యువతులకు, గర్భిణులకు, బాలింతలకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలను ప్రభుత్వం ఉచితంగా అందిస్తున్నది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని, ఆశా కార్యకర్తను గాని అడగవచ్చు.
* ఆహార పదార్థాలుగా విక్రయించే పోషక మాత్రలు మందుల వలె పరీక్షలకు నిలిచినవి కావు. వాటిపై మందుగా వాడుటకు కాదు అనే అర్థమిచ్చే గమనిక ఉంటుంది. కొనేముందు దానిని చదవాలి.

అపోహలు

* నూనె రాస్తే కుదుళ్లకు బలం వస్తుంది: నూనె కుదుళ్లకు ఆహారం కాదు. అయితే కొబ్బరినూనె వెంట్రుకలోని మాంసకృత్తుల నష్టాన్ని తగ్గించి, విరిగిపోకుండా కొంత కాపాడుతుంది.
* బెల్లం తింటే రక్తం పడుతుంది: బెల్లంలో ఇనుము కొంత ఉన్నా, మనం తినే కొద్దిపాటి బెల్లంతో లోపం తీరదు.
* గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుంది: గుండు వలన కుదుళ్ల సంఖ్య మారదు. కత్తిరించిన కొన మొద్దుగా ఉండడం వలన అలా కనిపిస్తుంది.

ఇవి కూడా చూడండి

* వెంట్రుక
* బట్టతల
* పేనుకొరుకుడు
* రక్తహీనత
* పోషకాహారం