ఏనుగుల అడవి, సోలారు తీగ

ఈసారి సమాఖ్య పుస్తకంలో పొదుపు, అప్పుల లెక్కలతో పాటు మన ప్రాంతం చరిత్ర కూడా కొంచెం రాయమన్నారు. మేము ఏనుగుల గురించి రాస్తున్నాము. ఎందుకంటే కొండ పక్కన టమోటా, చెరుకు పెట్టిన మన సభ్యులు వాయిదా కట్టేదీ కట్టలేనిదీ వాటి మీద కూడా ఆధారపడి ఉంది.

మా అవ్వ వాళ్లకు ఏనుగంటే గుడి దగ్గర చూసిందే. హార్సిలీ కొండను మనోళ్లు ఏనుగు మల్లమ్మ కొండ అంటారు కదా, అంటే పాతకాలంలో ఈ పక్క ఏనుగులు తిరిగి ఉండొచ్చు. తర్వాత ఎన్నో తరాలు లేవు. 1980ల మొదట్లో హోసూరు, కర్ణాటక వైపు అడవుల నుంచి కుప్పం, పలమనేరు అడవుల్లోకి దిగినాయి. 1990లో ప్రభుత్వం అక్కడ కౌండిన్య అభయారణ్యం ప్రకటించింది. సుమారు 357 చదరపు కిలోమీటర్లు. కౌండిన్య, కైగల్ ఏర్లు అందులోనే పారుతాయి, వానలు పడితే. మన సోమల ఆ హద్దులో లేదు. కానీ ఏనుగుకు హద్దు ఎవరు చెప్తారు?

ఏనుగులు ఊర్లమీదికి రాకుండా అభయారణ్యం అంచున సోలారు కంచె వేసినారు. కరెంటు స్తంభం లేని అడవిలో ఎండే కరెంటు. పలక మీద ఎండ పడితే బ్యాటరీ నిండుతుంది. దాని పక్కనుండే పెట్టె తీగలోకి సెకనుకు ఒకసారి చిన్న దెబ్బ పంపుతుంది. తగిలితే గట్టిగా కొడుతుంది గానీ పట్టుకోదు. ఏనుగు బెదిరి వెనక్కి పోతుంది, చావదు.

అయితే తీగ కింద గడ్డి, కంప పెరిగి తగిలితే కరెంటంతా భూమిలోకి పోతుంది. ఏనుగు తెలివి కూడా తక్కువ కాదు, చెట్టు విరిచి తీగ మీద వేసి దాటుతుంది. కంచె వేసిన రోజు ఫొటో తీస్తారు, కంప కొట్టే రోజు ఎవరూ రారు. చాలా చోట్ల కంచె పాడైపోయింది అందుకే అని మా అభిప్రాయం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సోలారు తీగ వేరు, మోటరు స్తంభం నుంచి చేనుకు లాగే తీగ వేరు. ఆ కరెంటు ఆగకుండా వస్తుంది, పట్టుకుంటే వదలదు. పందులకని పెట్టిన తీగకు మా సంఘంలో ఒక అక్క రెండు గొర్రెలు పోయినాయి. ఆ పొద్దు గొర్రెల వెనక ఆమె కొడుకు నడుస్తా ఉన్నాడు. ఏనుగు చచ్చినా చట్టం ఊరుకోదు, 1972 నుంచి వన్యప్రాణి చట్టం ఉంది.

శిక్షణలో వాతావరణం మారుతోందని మంచు కొండలు కరిగే బొమ్మలు చూపించినారు. మనకు మంచు కొండ యాడుంది? ఎండాకాలం అడవిలో కుంట ఎండిపోతే ఏనుగు మన చెరువుకు వస్తుంది, దారిలో చెరుకు ఉంటే తింటుంది. మన పిల్లలకు ఇట్లా చెప్తే అర్థమవుతుంది. 1999లో దీపం పథకం కింద గ్యాసు రాకముందు మేమే ఆ అడవిలో కట్టెలు కొట్టినోళ్లం, ఆ మాట కూడా దాచకుండా చెప్పాలి.

2025 మే నెలలో కర్ణాటక మన రాష్ట్రానికి నాలుగు కుంకీ ఏనుగులను ఇచ్చింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి క్యాంపు పెట్టినారు. మంచిదే. కానీ రాత్రి రెండు గంటలకు మన చేలో ఏనుగు దిగితే కుంకీ వచ్చేలోపల పంట ఉండదు.

అందుకే మా గ్రామ సంఘంలో రెండు మాటలు రాసుకున్నాము. స్తంభం నుంచి తీగ లాగిన ఇంటికి కొత్త అప్పు లేదు. కొండ పక్క చేలున్న ఏడుగురు కలిసి ఒకే సోలారు కంచె వేసుకోవాలి, తీగ కింద గడ్డి కోసే పని నెలకు ఇద్దరి వంతు. వంతులు మినిట్స్ బుక్కులో ఉన్నాయి. గడ్డి ఎక్కువ పెరిగే శ్రావణానికి మాత్రం ఇంకా ఎవరూ పేరు ఇవ్వలేదు.