ఆర్తవ వైషమ్యము – ఆచార్యుల దృష్టి

ఋతుచక్రం గతి తప్పితే దానిని పూర్వజన్మ పాపఫలంగా తలచి, ఎవరికీ చెప్పుకొనక సహించే స్త్రీలు నేటికీ అనేక గృహాలలో ఉన్నారు. ప్రాచీన వైద్యాచార్యుల దృష్టి ఇందుకు భిన్నమైనది.

సుశ్రుతసంహిత శారీరస్థానం ప్రకారం ఆర్తవం 12వ ఏట ఆరంభమై, 50వ ఏట వార్ధక్యవశాన క్షయిస్తుంది. అనగా రజోనివృత్తి రోగం కాదు, దేహధర్మం.

చరకసంహిత చికిత్సాస్థానంలోని 30వ అధ్యాయం 20 యోనివ్యాపత్తులను వర్ణించి, వాటికి నాలుగు హేతువులు చెప్పింది: మిథ్యాచారం, ఆర్తవదుష్టి, బీజదోషం, దైవం. దైవం ఆ నాలుగింటిలో ఒకటి మాత్రమే. తక్కిన మూడూ ఆహారవిహారాలకు, శరీరానికి సంబంధించినవే. వాతప్రకోపం లేనిదే ఈ వ్యాధులు కలుగవు కనుక ముందుగా వాతశమనం, అనంతరం తక్కిన దోషాలకు చికిత్స విధించబడినవి. లోధ్రాది ద్రవ్యాలతో కూడిన పుష్యానుగ చూర్ణం ఆ అధ్యాయంలోనిదే. 11వ శతాబ్దిలో చక్రపాణిదత్తుడు అధిక రక్తస్రావానికి అశోకవల్కలాన్ని పాలతో కాచి ఇమ్మన్నాడు.

‘హార్మోను’ అనే పదాన్ని స్టార్లింగ్ పండితుడు 1905లో లండనులో ప్రయోగించాడు. స్త్రీ హార్మోనులలో ఒకటైన ఈస్ట్రోన్ 1929లో శుద్ధరూపంలో లభించింది. ఈ రసాయనాలు ఆచార్యులకు ముందే తెలుసుననడం అతిశయోక్తి. అయితే వారు రోగిణిని నిందించలేదు. పరీక్షించి ఔషధం విధించారు. వ్రతం మనశ్శాంతినిస్తుంది, వైద్యం దేహాన్ని రక్షిస్తుంది. ఒకదానికొరకు మరొకదానిని విడువమని శాస్త్రం చెప్పలేదు.