సంస్థల రిజిస్టరు, బాధితుల వాంగ్మూలం: ఐర్లాండ్ పరిహార విధానాలపై ఒక పరిశీలన

1993లో డబ్లిన్ నగరంలోని డ్రమ్‌కాండ్రాలో హై పార్క్ కాన్వెంటు సన్యాసినులు తమ స్థలంలో కొంత భాగాన్ని ఒక బిల్డరుకు అమ్మారు. ఆ నేలలో సమాధులున్నాయి. కాన్వెంటు నడిపిన మాగ్డలిన్ లాండ్రీలో బట్టలుతుకుతూ బతుకు వెళ్లదీసి, అక్కడే కన్నుమూసిన స్త్రీల సమాధులవి. 133 మృతదేహాలను తరలించడానికి అనుమతి తీసుకున్నారు. తవ్వితే 155 దొరికాయి. చాలామందికి మరణ ధ్రువపత్రమే లేదు.

ఏ లెక్కకూ అందని ఆ 22 మంది దగ్గరే ఐర్లాండ్ న్యాయపోరాటాన్ని అర్థం చేసుకోవడం మొదలుపెట్టాలి. హింస జరిగిందా లేదా అన్న ప్రశ్న అక్కడ ఎప్పుడో తేలిపోయింది. అది జరిగిందని ఎవరి కాగితం చెబితే చెల్లుతుందన్న తగవు మాత్రం ఇంకా తెగలేదు.

పెళ్లి కాకుండా గర్భం దాల్చినవారు, దిక్కులేని ఆడపిల్లలు, చిన్న నేరాలకు కోర్టులు పంపినవారు, ఇంట్లోవాళ్లకు బరువైనవారు ఈ లాండ్రీలకు చేరేవారు. చాలామందికి సొంత పేరు కూడా మిగల్లేదు. జీతం లేని చాకిరీ, తాళం వేసిన తలుపులు. 1922 నుంచి చివరి లాండ్రీ మూతపడిన 1996 వరకు కనీసం 10,000 మంది అక్కడ గడిపారని 2013 ఫిబ్రవరిలో ప్రభుత్వం నియమించిన మెకలీస్ కమిటీ తేల్చింది. అవి ప్రైవేటు సంస్థలు, తమకు సంబంధం లేదని ప్రభుత్వం అంతవరకూ చెబుతూ వచ్చింది. ఎలా వచ్చారో తెలిసినవారిలో నాలుగో వంతుకు పైగా స్త్రీలను అక్కడికి చేర్చింది ప్రభుత్వ యంత్రాంగమేనని అదే నివేదిక బయటపెట్టింది. కొద్ది రోజులకే ప్రధాని ఎండా కెన్నీ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. పరిహారం 11,500 నుంచి లక్ష యూరోల దాకా ప్రకటించారు. అది అందుకోవాలంటే ప్రభుత్వంపై దావా వేయబోమని సంతకం పెట్టాలి. లాండ్రీలు నడిపిన నాలుగు సన్యాసినీ సంఘాలు ఆ నిధికి ఒక్క యూరో ఇవ్వలేదు.

ఈ సంతకం షరతు కొత్తది కాదు. మతసంఘాలు నడిపిన పారిశ్రామిక పాఠశాలల్లో పిల్లలపై సాగిన హింసను 1999లో మేరీ రాఫ్టరీ టీవీ డాక్యుమెంటరీ దేశం ముందు పెట్టింది. ఆ తర్వాత 2002లో పరిహార బోర్డు చట్టం వచ్చింది. అక్కడా దావా హక్కు వదులుకుంటేనే పరిహారం. దాదాపు 15,000 మందికి డబ్బు అందింది. అయితే తమ పరిహారం వివరాలు బయటపెట్టడం నేరమని ఆ చట్టంలోనే రాశారు. అదే ఏడాది మతసంఘాలు 128 మిలియన్ యూరోలు ఇస్తే చాలని, మిగతా భారమంతా తానే మోస్తానని ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. మొత్తం ఖర్చు వంద కోట్ల యూరోలు దాటిపోయింది. నేరం చేసిన సంస్థకు భరోసా, దెబ్బతిన్న మనిషికి జైలు బెదిరింపు. దీన్ని న్యాయం అనడానికి నోరు రాదు.

పెళ్లికాని గర్భిణులను ప్రసవానికి ఉంచిన తల్లీబిడ్డల గృహాల విషయంలోనైనా పాఠం నేర్చుకోవలసింది. 2021 జనవరిలో విచారణ కమిషన్ తుది నివేదిక ఇచ్చింది. 18 సంస్థలు, సుమారు 56,000 మంది తల్లులు, 57,000 మంది పిల్లలు. వారిలో 9,000 మంది పిల్లలు చనిపోయారు. ప్రధాని మీహాల్ మార్టిన్ క్షమాపణ చెప్పారు. ఇంతలో, కమిషన్ ముందు నోరు విప్పిన సుమారు 550 మంది వాంగ్మూలాల ఆడియోలను చెరిపేశారని తెలిసి బాధితులు భగ్గుమన్నారు. తర్వాత బ్యాకప్ నుంచి వాటిని తిరిగి రాబట్టారు. తమను గుర్తించగలిగే భాగాలను ముందే చూపకుండా నివేదిక ప్రచురించడం హక్కుల ఉల్లంఘన అని బాధితులు ఫిలోమినా లీ, మేరీ హార్నీ వేసిన కేసుల్లో ప్రభుత్వం 2021 డిసెంబరులో హైకోర్టులో ఒప్పుకోవలసి వచ్చింది.

2024 మార్చిలో మొదలైన పరిహార పథకం చూడండి. తల్లి ఒక్క రాత్రి ఉన్నా అర్హురాలే. బిడ్డ మాత్రం ఆరు నెలలు ఉండి తీరాలి. అయిదో నెలలో తల్లి ఒడి నుంచి తీసి దత్తతకు పంపిన పసిబిడ్డకు జరిగిన నష్టం ఆ లెక్కలో లేదు. సుమారు 34,000 మంది అర్హులని ప్రభుత్వ అంచనా. 24,000 మంది దాకా బయటే ఉండిపోయారు. తల్లీబిడ్డలను విడదీయడమే ఫిర్యాదు అయినప్పుడు, ఎంత త్వరగా విడదీస్తే అంత తక్కువ నష్టమని చెప్పే కొలత తలకిందుల కొలత.

ఎవరి కాగితం చెల్లుతుందన్న తగవును గాల్వే జిల్లా ట్యూమ్‌లో గృహిణి అయిన ఒక స్థానిక చరిత్రకారిణి తిరగేసి చూపింది. బాన్ సెకూర్ సన్యాసినులు 1925 నుంచి 1961 దాకా అక్కడ నడిపిన గృహంలో చనిపోయిన పిల్లల మరణ ధ్రువపత్రాలను కేథరిన్ కార్లెస్ ఒక్కొక్కటిగా తెప్పించింది. 796 పేర్లు. వాటిని చుట్టుపక్కల శ్మశానాల పుస్తకాలతో సరిచూస్తే ఆ పిల్లలను ఖననం చేసిన జాడ లేదు. 2017 మార్చిలో పాత మురుగునీటి నిర్మాణపు భూగర్భ గదుల్లో పసిపిల్లల అవశేషాలున్నాయని కమిషన్ ధ్రువీకరించింది. అంతవరకు ఎవరూ వెతకనిది, సర్కారీ కార్యాలయంలోనే ఉన్న కాగితాల్లో ఒక గృహిణికి దొరికింది. అడిగే మనిషి లేకపోవడమే అప్పటివరకు ఉన్న అడ్డంకి.

అందుకే పరిహారం మొత్తం కన్నా ముందు రికార్డుల మాట తేలాలి. బాధితుల సాక్ష్యాల దస్త్రాలను 75 ఏళ్ల పాటు మూసి ఉంచాలని 2019లో ప్రభుత్వం తెచ్చిన బిల్లు గట్టి వ్యతిరేకత ఎదుర్కొని, చివరికి చట్టం కాలేదు. జన్మ సమాచారం పొందే హక్కు 2022 చట్టంతో వచ్చింది. మతసంఘాల సొంత దస్త్రాల గదులు మాత్రం ఇప్పటికీ వాటి చేతిలోనే ఉన్నాయి. వాటిని ప్రభుత్వం స్వాధీనం చేసుకోవాలి, ఆరు నెలల నిబంధన ఎత్తివేయాలి, అదీ ముసలివాళ్లయిపోయిన ఆ బిడ్డలు బతికుండగానే.

ట్యూమ్‌లో తవ్వకం 2025 జులైలో మొదలైంది. అవశేషాలతో డీఎన్‌ఏ సరిపోల్చుకోవడానికి తోబుట్టువులు నమూనాలిస్తున్నారు.