నవఘటము: ధర్మశాస్త్రమునఁ బతితపరిగ్రహము

ప్రాయశ్చిత్తము దండనమునకుఁ బర్యాయపదమని కొందఱు తలంతురు. వ్యుత్పత్తి యీ తలంపును సమర్థింపదు. పాణినీయమునఁ బారస్కరాదిగణమును బట్టి ‘ప్రాయ’ ‘చిత్త’ శబ్దముల నడుమ సుడాగమము వచ్చును. ఆ సకారమే శ్చుత్వముచే శకారమైనది. ప్రాయమనఁగాఁ దపస్సు, చిత్తమనఁగా నిశ్చయము అని స్మృతికారుల నిర్వచనము. దండమును రాజు విధించును. ప్రాయశ్చిత్తమునకు దోషి తానే పూనుకొనవలెను.

ప్రకటమైన దోషమునకుఁ బరిషత్తు అనుమతించిన వ్రతమును జేయవలెనని యాజ్ఞవల్క్యుని మతము. ఆ వ్రతమును దేశకాలములను, వయశ్శక్తులను, పాపస్వరూపమును విచారించి కల్పింపవలెను. పొరుగింట స్వల్పవస్తువును దొంగిలించినవాఁడు దానిని మరల నిచ్చి సాంతపనకృచ్ఛ్రము చేయవలెనని మనువు చెప్పెను. ఉపవాసము చేసితినని పరధనము నుంచుకొనుటకు వీలులేదు.

వ్రతమున కొడఁబడని మహాపాతకిని జ్ఞాతులు విడుచు విధి కఠినమైనది. నింద్యమైన దినమున, సాయంకాలమున, గురువుల ఋత్విక్కుల సన్నిధిని, దాసి జలపూర్ణమైన ఘటమును గాలితోఁ దన్ని పడఁద్రోయును. వాఁడు మృతుఁడైనట్లు జ్ఞాతులు ఒక యహోరాత్రము ఆశౌచము పట్టుదురు. సంభాషణము, సహాసనము, దాయభాగము నిలిచిపోవును.

ఇంతటితో ముగిసినచో నిది బహిష్కారము మాత్రమే. కాని వాఁడు వ్రతమాచరించి వచ్చినపుడు జ్ఞాతులే వానితోఁ గూడఁ బుణ్యజలాశయమున స్నానముచేసి, నీటితో నిండిన క్రొత్త ఘటమును ఆ జలమున విడువవలెను. పిమ్మట వాఁడు తన యింటఁ బ్రవేశించి జ్ఞాతికార్యములన్నిటిని బూర్వమువలె నడపును. శుద్ధుఁడైనవానిని జుగుప్సింపరాదని మనుయాజ్ఞవల్క్యు లిరువురును శాసించిరి. ఈ శాసనము దోషికిఁ గాదు, సంఘమునకు. వ్రతము వాని ఋణము. పరిగ్రహము వీరి ఋణము.

పతితలైన స్త్రీలకు బహిష్కారకాలమున సైతము అన్నము, వస్త్రము, ఇంటిచెంత నివాసము ఒసఁగవలెననుట మఱియొక విశేషము. యాజ్ఞవల్క్యుఁడు రక్షణమును గూడఁ జేర్చెను.

ఈ విధిని బొగడుచు దాని లోపములను మఱువరాదు. హత్యకు విధించిన వ్రతము హతుని వర్ణమునుబట్టి మాఱుచుండెను. ఆ తారతమ్యమును నేఁటి న్యాయబుద్ధి యంగీకరింపదు. మఱియు బాలఘ్నులు, కృతఘ్నులు, శరణాగతులను స్త్రీలను జంపినవారు శుద్ధులైనను సహవాసమున కర్హులు కారని మనువు. కరుణకును ఒక మేర కలదని దీని తాత్పర్యము.

చాళుక్యుఁడగు ఆఱవ విక్రమాదిత్యుఁడు (1076–1126) కల్యాణము నేలుచుండఁగా విజ్ఞానేశ్వరుఁడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరావ్యాఖ్యను రచించెను. 13వ శతాబ్దమునఁ గేతన విజ్ఞానేశ్వరీయమును రచించుటచే నా ధర్మశాస్త్రము తెలుఁగు పద్యముల కెక్కెను. అయినను ‘వెలివేయుట’ యను మాట తెలుఁగునాట నెల్లర కెఱుకయే. మరలఁ జేర్చుకొనుటను జెప్పు మాట యంతగా వినఁబడదు. శాస్త్రము రెండు ఘటములను జెప్పెను. లోకము మొదటిదానినే గుర్తుంచుకొన్నది.