సున్నపుతేట: ఒక రసాయన పరీక్షకు పల్నాటి నేపథ్యం

బొగ్గుపులుసు వాయువును గుర్తించే పరీక్షగా తెలుగు విద్యార్థికి మొదట పరిచయమయ్యేది సున్నపుతేట. గొట్టంతో ఊదగానే తేట పాలవలె తెల్లబడుతుంది. ఈ పరీక్షను ఐరోపా రసాయన శాస్త్ర చరిత్రలో భాగంగా మాత్రమే చెప్పడం పరిపాటి. అయితే దానికి ఆధారమైన రెండు మార్పులు, అనగా రాయి కాలి సున్నం కావడం, సున్నం వాయువును గ్రహించి తిరిగి రాతి పదార్థం కావడం, ఉమ్మడి గుంటూరు జిల్లా చరిత్రలో ఒక విషాద ఘట్టంతో ముడిపడి ఉన్నాయి.

స్కాట్లండుకు చెందిన జోసెఫ్ బ్లాక్ 1756లో ప్రచురించిన పరిశోధన ఈ పరీక్షకు పునాది. కాల్చినప్పుడు పదార్థం బరువు తగ్గడానికి, అందులో ఇమిడి ఉన్న ఒక వాయువు బయటికి పోవడమే కారణమని ఆయన తేల్చాడు. స్వచ్ఛమైన సున్నపురాయి నూరు పాళ్ళు పూర్తిగా కాలితే మిగిలే సున్నం 56 పాళ్ళు. తక్కిన 44 పాళ్ళూ వాయువే. ఆ సున్నాన్ని నీటిలో కలిపి, మడ్డి దిగాక పైనీటిని వంచుకుంటే తేట. అందులోకి వాయువు చేరినప్పుడు ఏర్పడే తెల్లని పొడి రసాయనికంగా సున్నపురాయే.

బ్లాక్ పరిశోధన వెలువడిన నలభై ఏళ్ళకు, 1797లో, కాలిన్ మెకంజీ అమరావతిని దర్శించాడు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్టణం నిర్మిస్తున్న కాలమది. దీపాలదిన్నె నుంచి స్తూప శిలలను ఇళ్ళకు, కట్టడాలకు తరలించారు. కొన్నింటిని కాల్చి సున్నం చేశారు. 'అమరావతి పాలరాళ్ళు' అన్న పేరు స్థిరపడింది గాని, అవి పల్నాటి సున్నపురాతి పలకలు. అందువల్లనే అవి బట్టీకి పనికివచ్చాయి. 1816లో మెకంజీ మళ్ళీ వచ్చి, తన బృందంచేత శిల్పాల చిత్రాలు గీయించాడు. వాటిలోని కొన్ని పలకలకు నేడు ఆ చిత్రాలే ఆధారం.

ఈ విధ్వంసాన్ని గ్రామీణుల అజ్ఞానంగా వర్ణించడం చరిత్ర రచనలో తరచుగా కనిపిస్తుంది. ఆ వర్ణన సరిపోదు. ఏ రాయి మంచి సున్నం ఇస్తుందో బట్టీ పనివారికి బాగా తెలుసు. వారి లెక్కలో చేరనిది శిల్పం. ఆ సున్నంతో కట్టిన గోడ గాలిలోని వాయువును మెల్లగా పీల్చుకొని గట్టిపడుతుంది. రాతి పదార్థం ఆ విధంగా మళ్ళీ ఏర్పడింది, చెక్కడం మాత్రం పోయింది.

ఇక పేరు సంగతి. వాయువును అంగారామ్ల వాయువన్నారు, బొగ్గుపులుసు వాయువన్నారు, ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్ అంటున్నారు. సున్నపుతేట మాత్రం మారలేదు. అది పరిభాషా సంఘం కల్పించిన మాట కాదు; తాంబూలం, వెల్ల, పారాణి, గృహవైద్యం ఉన్న ఇంట్లోని మాట. పైగా తయారుచేసే పద్ధతి ఆ పేరులోనే ఉంది. మడ్డిని వంపుకోకుండా తేటనే తీసుకోవాలని విద్యార్థికి వేరే చెప్పనక్కరలేదు.

తెల్లబడిన తేటలోకి ఇంకా ఊదుతూ పోతే అది మళ్ళీ తేరుకుంటుంది. ఏర్పడిన పొడి నీటిలో కరిగే బైకార్బనేటుగా మారడమే ఇందుకు కారణం. సున్నపురాతి నేలల్లో బావినీరు కఠినం కావడానికీ, కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టడానికీ మూలం ఇదే చర్య. ఈ రెండో దశను పాఠంలో ఒక వాక్యంతో దాటవేస్తుంటారు. పల్నాటి పిల్లవాడికి ఆ పొర ఇంట్లోనే కనిపిస్తుంది. పిడుగురాళ్ళ పరిసరాల్లో సున్నపు బట్టీలూ కనిపిస్తాయి.