జీర

గిటార్ లోకంలో డిస్టార్షన్ అనే ధ్వనిని తెలుగులో రాయాల్సి వస్తే చాలామంది ‘వక్రీకరణ’ అంటారు. నాకు ఆ మాట నచ్చదు. వక్రీకరించేది వాస్తవాలను, చరిత్రను. అదొక నేరం పేరు. గిటారిస్టు మాత్రం ఈ ధ్వని కోసం డబ్బు పోసి పెడల్ కొని, కాలితో తొక్కి మరీ రప్పించుకుంటాడు. కోరి తెచ్చుకున్నదాన్ని దోషమనే పేరుతో పిలవడం అన్యాయం. దీనికి సరిపోయే మాట మన దగ్గర ఏనాటినుంచో ఉంది: జీర.

ఈ మాటను మనం రెండు చోట్ల ఎక్కువగా వాడతాం. కోపం వస్తే కళ్లలో ఎర్రజీరలు. పాడేవారి గొంతులో సన్నని జీర. ఒకటి కంటికి, ఒకటి చెవికి. ఈ రెంటినీ కలిపేది గీత. జీర అంటే రేఖ, చార. తెల్లగుడ్డు మీద ఎర్రని గీత పడితే కంటిజీర, నున్నని నాదం మీద గరుకుగీత పడితే గొంతుజీర. మూడో బంధువు ‘జీరాడు’. కుచ్చెళ్లు నేల మీద జీరాడాయంటాం. ఈడ్చుకుపోయే బట్ట దుమ్ములో గీసేదీ గీతే కదా!

జీరకు తోబుట్టువు గీర. గీరు, గీయు, గీత ఈ ఇంటివే. కన్నడంలోనూ ‘గీరు’ ఉంది, తమిళంలో ‘కీఱు’. మరి గకారం జకారం ఎలా అయింది? ఇ, ఎ వంటి అచ్చుల ముందు కంఠంలో పుట్టే హల్లు నాలుక నడిమికి జరగడం తెలుగుకు పాత అలవాటు. కన్నడ ‘కివి’ మనకు చెవి అయింది అలాగే. పాల్వంచ దాటి కిన్నెరసాని ఒడ్డు గూడేలకు వెళితే ఆ పాత పలుకు ఇంకా బతికే ఉంది. కోయభాష, దాని దగ్గరి చుట్టం గోండి చెవిని నేటికీ కకారంతోనే పలుకుతాయి. గోండిలో అది ‘కెవి’. మన నోట జరిగిపోయిన హల్లు వాళ్ల నోట నిలిచి ఉంది. ఆ ఏటి పేరులోనే కిన్నెర అనే తీగవాద్యం వినిపించడం నాకెప్పుడూ ముచ్చటగా ఉంటుంది.

ఇంకో జీర కూడా ఉంది. సంస్కృతంలో జీర, జీరకం అంటే జీలకర్ర. శ్రీరామనవమికి భద్రాచలం మిథిలా స్టేడియంలో సీతారాముల తలలపై బెల్లంతో కలిపి పెట్టేది అదే. పులావులోకి వచ్చే జీరా దాని మనుమరాలు. మన గొంతుజీరకూ దానికీ చుట్టరికం లేదు. రెండూ గొంతుకు సంబంధించినవే గదా అని వైద్యులు వాదిస్తే నేను కాదనను. ‘జీర్ణం’ నుంచి వచ్చిందనడమూ కుదరదు. అరిగిపోయిన గొంతుకు ఆ వ్యుత్పత్తి నప్పుతుందేమో గాని కంటిజీర దగ్గర తేలిపోతుంది.

ఇప్పుడు గిటార్ వైపు. 1951లో ‘రాకెట్ 88’ పాట రికార్డు చేసినప్పుడు గిటారిస్టు యాంప్లిఫయర్ దెబ్బతిని ఉంది. స్పీకర్‌లో కాగితం కుక్కి, గరగరలాడే ఆ ధ్వనితోనే కానిచ్చారని చెబుతారు. 1958లో ‘రంబుల్’ కోసం లింక్ రే స్పీకర్ కోన్‌కు పెన్సిలుతో బెజ్జాలు పొడిచాడు. 1964లో కింక్స్ బృందం గిటారిస్టు డేవ్ డేవిస్ రేజర్ బ్లేడుతో కోన్‌ను కోశాడు. స్పీకర్ మీద గీర, ధ్వనిలో జీర! మన పూర్వులు ఎందుకు ఒకే మాటను రెంటికీ పంచారో ఆ బ్లేడు చూపించింది.

తర్వాత ఆ పని పెడళ్లకు, యాంప్‌కు అప్పగించారు. మోయగలిగినదానికన్నా పెద్ద సంకేతం వస్తే యాంప్ తరంగం శిఖరాలను కోసేస్తుంది. గుండ్రని అల చదునవుతుంది. ఆ కోతలో అసలు స్వరానికి మూడింతలు, అయిదింతలు కంపించే పైస్వరాలు పుట్టుకొస్తాయి. మనకు గరుకుగా వినిపించేవి అవే. బర్మింగ్‌హామ్ రేకుల కర్మాగారంలో రెండు వేళ్ల కొనలు పోగొట్టుకున్న టోనీ అయోమీ కరిగించిన ప్లాస్టిక్‌తో తొడుగులు చేసుకుని, సన్నని తీగలు వేసుకుని, 1970లో బ్లాక్ సబాత్ తొలి ఆల్బమ్‌తో ఈ గరుకుదనానికి బరువు తెచ్చాడు. హెవీ మెటల్ అక్కడినుంచే అనేవారే ఎక్కువ. 1983లో బాస్ కంపెనీ హెచ్‌ఎం-2 పెడల్ తెచ్చి దాని మీద ఏకంగా ‘హెవీ మెటల్’ అనే రాసింది. స్వీడన్ కుర్రాళ్లు దాని నాబ్‌లన్నీ చివరిదాకా తిప్పి రంపపుకోత లాంటి ధ్వని పుట్టించారు.

అయితే జీర, బొంగురు ఒకటి కాదు. జలుబు చేస్తే గొంతంతా బొంగురుపోతుంది, స్వరమే కనిపించదు. జీర అలా కాదు, దాని వెనక నున్నని నేల ఉండాలి. తెల్లగుడ్డు లేనిదే ఎర్రజీర లేదు. మెటల్ వాయించబోయే కుర్రవాడు గెయిన్ నాబ్‌ను ఆ కొసకు తిప్పగానే వినిపించేది చాలాసార్లు బొంగురే, తీగ తీగకూ తేడా తెలియని హోరు.

ఈ తేడా మనవాళ్లకు తంబూర దగ్గరే తెలుసు. నేలకొండపల్లిలో పుట్టిన వాగ్గేయకారుడు కంచెర్ల గోపన్నను తంబూర లేకుండా చిత్రించినవారు అరుదు. ఆ వాద్యంలో తీగకూ దాన్ని మోసే గుర్రానికీ (బ్రిడ్జికీ) మధ్య సన్నని నూలుపోగు ఉంటుంది. జీవ అంటారు, జీవాళి అంటారు. పోగును కొద్దిగా జరిపితే తీగ గుర్రాన్ని తాకీ తాకక కంపించి, పైస్వరాలతో ఝుమ్మంటుంది. శ్రుతి కుదిరాకే ఆ పోగును సర్దుతారు. గరుకును పుట్టించే దారానికి జీవమని పేరు పెట్టినవాళ్లకు వక్రీకరణ అనే ఊహే రాలేదు.

మెటల్ గిటారిస్టులూ అనుభవంతో అక్కడికే చేరారు. రెండు స్వరాల పవర్ కార్డ్ పట్టుకుంటారు, ఎందుకంటే మూడో స్వరం చేరితే కోతలో స్వరాలు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. యాంప్ ముందు ట్యూబ్ స్క్రీమర్ అనే పెడల్ పెట్టి, దాని డ్రైవ్ దాదాపు సున్నాలో ఉంచి, లెవెల్ మాత్రం పెంచుతారు. అది కింది స్వరాల ముద్దను తగ్గించి 720 హెర్ట్జ్ చుట్టూ ఉన్న మధ్యభాగాన్ని ముందుకు తెస్తుంది. ఆపైన గెయిన్‌ను అనుకున్నదానికన్నా కాస్త దించి, అరచేతి అంచును బ్రిడ్జి దగ్గర ఆనించి లావు తీగను మీటితే, ఎంత వేగంలోనైనా ప్రతి మీటూ విడివిడిగా పడుతుంది, ప్రతిదాని మీదా జీర ఉంటుంది.